లినక్స్‌లో ఆట నత్తనడక నడుస్తుంటే ముందు చూడాల్సినవి

గుంటూరులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకోవడం నా ఉద్యోగం. ల్యాబ్‌లో ఉబుంటు ఉంటుంది కాబట్టి లినక్స్‌తో ఏ తంటా వచ్చినా విద్యార్థులు నా బల్ల దగ్గరికే వస్తారు. అందులో చదువు తంటాలు తక్కువ, ఆటల తంటాలు ఎక్కువ. వచ్చినవాళ్లు మొదట చెప్పే మాట దాదాపు ఒకటే: "సార్, డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, అయినా అలాగే ఉంది." రోగమేమిటో చూడకుండా సెలైన్ ఎక్కించడం మనకు బాగా అలవాటు. ఇదీ అదే.

డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) నిజంగా చెడిపోవడం అరుదు. డ్రైవర్ ఉంటుంది, కెర్నల్ (లినక్స్ మూలభాగం) దాన్ని లోపలికి రానివ్వదు. లేదా డ్రైవర్, కార్డు రెండూ బాగానే ఉంటాయి, ఆట మాత్రం వాటి జోలికే పోదు. ఎక్కువగా నా బల్ల మీదికి వచ్చేవి ఈ రెండు రకాలే. కాబట్టి ఏదీ మార్చకముందు చూడటం నేర్చుకోండి.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెబుతాను.

కార్డును నడుపుతున్నది ఎవరు?

మొదటి కమాండ్ ఎల్‌ఎస్‌పీసీఐ. పక్కన ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి, ఎన్ ఎన్ కె అక్షరాలు కలిపి కొట్టండి. పొడవాటి జాబితా వస్తుంది. అందులో వీజీఏ అని గాని, 3డీ కంట్రోలర్ అని గాని ఉన్న వరుసలు వెతకండి. ల్యాప్‌టాప్‌లలో ఎన్విడియా చిప్ చాలాసార్లు 3డీ కంట్రోలర్ పేరుతోనే కనిపిస్తుంది. అది తెలియక వీజీఏ వరుస మాత్రమే చూసి, కార్డే లేదని కంగారుపడేవాళ్లున్నారు. ఆ వరుస కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అని ఉంటుంది. దాని పక్కనున్న పేరుతో సగం సంగతి తేలిపోతుంది.

ఏఎండీ కార్డుకు అక్కడ ఏఎండీజీపీయూ అని ఉండాలి. ఇంటెల్‌కు ఐ915, కొత్త చిప్‌లకైతే ఎక్స్‌ఈ. ఎన్విడియాకు ఎన్విడియా అనే ఉండాలి. ఏఎండీ హెచ్‌డీ 7000 కాలపు కార్డులకు రేడియాన్ అని కనిపిస్తే అది పాత డ్రైవర్, దానితో వల్కన్ (ఆటలు కార్డుతో మాట్లాడే భాష) రాదు. కెర్నల్ బూట్ వరుసలో రేడియాన్, చుక్క, ఎస్ఐ, అండర్‌స్కోర్, సపోర్ట్, సమాన గుర్తు, 0 అని కలిపి రాసి, ఖాళీ వదిలి, ఏఎండీజీపీయూకు కూడా అలాగే చివర 1తో పెడితే కార్డు కొత్త డ్రైవర్ చేతికి వెళుతుంది. ఎన్విడియా కార్డుకు నూవో (కంపెనీ బయటివాళ్లు రాసిన ఓపెన్ డ్రైవర్) అని కనిపిస్తే కంపెనీ డ్రైవర్ పనిచేయడం లేదన్నమాట. నూవోతో బొమ్మ వస్తుంది, కాని జీటీఎక్స్ 900, 1000 శ్రేణుల కార్డులు బూట్ అయినప్పటి తక్కువ వేగం దగ్గరే ఆగిపోతాయి. వేగం పెంచడానికి కావాల్సిన సంతకం చేసిన ఫర్మ్‌వేర్ నూవోకు అందలేదు. ఆ కార్డు మీద నూవోతో ఆట ఆడాలనుకోవడం వృథా ప్రయాస. అసలు ఆ వరుసే లేకపోతే ఏ డ్రైవరూ ఎక్కలేదని అర్థం. ఎందుకో కింద చెబుతాను.

రెండో కమాండ్ జీఎల్ఎక్స్ఇన్ఫో, పక్కన హైఫన్, పెద్ద అక్షరాల్లో బి. ఉబుంటులో ఇది మెసా యుటిల్స్ ప్యాకేజీలో ఉంటుంది. ‘ఓపెన్‌జీఎల్ రెండరర్’ వరుసలో మీ కార్డు పేరుంటే మంచిది. ఎల్ఎల్‌వీఎం పైప్ అని ఉంటే బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది. ఆట సెకనుకు నాలుగైదు ఫ్రేములతో ఈడుస్తూ, ఫ్యాను మాత్రం హోరెత్తుతుంటే నేను ముందు అనుమానించేది దీన్నే. మూడోది వల్కన్ఇన్ఫో, పక్కన రెండు హైఫన్లు, సమ్మరీ. ఇప్పటి ఆటల్లో ఎక్కువ భాగం వల్కన్ మీదనే నడుస్తాయి కాబట్టి ఇక్కడ కూడా కార్డు పేరు కనిపించాలి.

ఎల్ఎల్‌వీఎం పైప్ కనిపించడానికి ఒక చిత్రమైన కారణం నోమోడ్‌సెట్. కొత్తగా లినక్స్ ఎక్కించేటప్పుడు తెర నల్లగా ఉండిపోతే గ్రబ్‌లో (మిషన్ తెరవగానే వచ్చే బూట్ మెనూ) ఈ మాట చేర్చమని ఎవరో ఒకరు చెబుతారు. ఆ పూటకు అది సరైన సలహాయే. కాని దాన్ని గ్రబ్ ఫైలులో శాశ్వతంగా ఉంచేస్తే ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్లు ఎన్నటికీ లేవవు. క్యాట్ కమాండ్‌తో ప్రాక్ డైరెక్టరీలోని సీఎండీలైన్ ఫైలు చూడండి. అందులో నోమోడ్‌సెట్ ఉంటే, ఈటీసీ డైరెక్టరీలో డిఫాల్ట్ కింద ఉన్న గ్రబ్ ఫైలు నుంచి తీసేసి, అప్‌డేట్ హైఫన్ గ్రబ్ నడిపి, రీబూట్ చేయండి. కార్డు కొత్తదై డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రూపం) పాతదైనా ఇదే ఫలితం. ఆర్‌ఎక్స్ 9070 వచ్చింది 2025 మార్చిలో. 2023లో వచ్చిన డెబియన్ 12 కెర్నల్‌కు, మెసాకు (ఏఎండీ, ఇంటెల్ కార్డులతో బొమ్మ గీయించే లైబ్రరీ) దాని పేరే తెలియదు. అక్కడ డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు. కెర్నల్, మెసా, లినక్స్ ఫర్మ్‌వేర్ మూడూ కొత్తవి ఉన్న డిస్ట్రోకు మారాలి.

డెస్క్‌టాప్ వాళ్లు ఇంకొకటి కూడా చూసుకోండి. మానిటర్ వైరు మదర్‌బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐలో గుచ్చి ఉందా, కార్డుకే గుచ్చి ఉందా? కార్డుకే ఉండాలి. నవ్వకండి. ఇది చదువుతున్న వారిలో ఒకరిద్దరైనా ఇప్పుడు బల్ల కిందికి వంగి చూస్తారు.

ఎన్విడియా సంగతి

2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినస్ టోర్వాల్డ్స్ కెమెరా ముందే ఈ కంపెనీకి మధ్యవేలు చూపించారు. ఆ తర్వాత పరిస్థితి చాలా మెరుగుపడింది. 2022లో కెర్నల్ భాగపు సోర్సును కంపెనీ బయటపెట్టింది, 2024లో వచ్చిన 555 డ్రైవర్‌తో వేలాండ్‌లో (తెర మీద విండోలను చూపే కొత్త పద్ధతి) తెర రెపరెపలాడే బాధ చాలావరకు తీరింది. అయినా ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్లు కెర్నల్‌లోనే పుట్టి పెరుగుతాయి, ఎన్విడియాది బయటి నుంచి వచ్చి చేరుతుంది. తంటాలన్నీ ఆ అతుకు దగ్గరే.

మీ కార్డుకు ఏ శ్రేణి డ్రైవర్ కావాలో ముందు తెలుసుకోండి. జీటీఎక్స్ 600, 700 కార్డుల్లో ఎక్కువ వాటికి 470 శ్రేణి చివరిది. 750 టీఐ మాత్రం పేరుకు 700 అయినా లోపల తర్వాతి తరం, మ్యాక్స్‌వెల్. ఆ మ్యాక్స్‌వెల్‌కు, జీటీఎక్స్ 1050, 1060 వంటి పాస్కల్ కార్డులకు 2025లో వచ్చిన 580 చివరిది. జీటీఎక్స్ 1650 నుంచి పైవాటికి ఏ కొత్త డ్రైవరైనా సరే. ఆర్‌టీఎక్స్ 50 శ్రేణికి ఓపెన్ అని పేరున్న మాడ్యూలే (కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ భాగం) వేయాలి, పాత మూసిన మాడ్యూల్ దాని మీద పనిచేయదు. ‘అన్నిటికన్నా కొత్తది’ వేసి, పాస్కల్ కార్డు పలకడం లేదని వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఎన్విడియా వెబ్‌సైటు నుంచి రన్ ఫైలు దింపుకుని వేయకండి. విండోస్ అలవాటు ఇక్కడ పనికిరాదు. డిస్ట్రో ప్యాకేజీలతో అది తగువు పడుతుంది, కెర్నల్ మారిన రోజు తెర నల్లబడుతుంది. ఇప్పటికే వేసి ఉంటే ఎన్విడియా హైఫన్ అన్ఇన్‌స్టాల్ నడిపి తీసేయండి. ఉబుంటులో సూడో ఉబుంటు హైఫన్ డ్రైవర్స్ ఇన్‌స్టాల్ చాలు, సరైనదాన్ని అదే ఎంచుకుంటుంది. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి వేసుకోండి. కాని వేసిన వెంటనే రీబూట్ చేయవద్దు. వెనక మాడ్యూల్ తయారవుతూ ఉంటుంది. మోడ్ఇన్ఫో, హైఫన్ పెద్ద అక్షరం ఎఫ్, వెర్షన్, ఎన్విడియా అని కొడితే అంకె వచ్చేదాకా ఆగండి.

ఇక డ్రైవర్ వేశాక కూడా ఎక్కకపోతే నేను వెతికేవి రెండు.

ఒకటి సెక్యూర్ బూట్. మోక్‌యుటిల్, రెండు హైఫన్లు, ఎస్‌బీ హైఫన్ స్టేట్ అని కొడితే అది ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చెబుతుంది. ఆన్‌లో ఉంటే, సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. మాడ్యూల్‌ను చేత్తో ఎక్కించబోతే ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అంటుంది. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగి ఉంటుంది, గుర్తుందా? రీబూట్ అయ్యాక వచ్చే నీలం తెర ఆ పాస్‌వర్డ్ కోసమే. అక్కడ ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది ఆ తెరను చూసి భయపడి కంటిన్యూ బూట్ నొక్కేస్తారు, అవకాశం పోతుంది. ఉబుంటులో అయితే సూడో మోక్‌యుటిల్, రెండు హైఫన్లు, ఇంపోర్ట్‌తో, వార్ కింద లిబ్, దాని కింద షిమ్ హైఫన్ సైన్డ్, దాని కింద మోక్ అనే ఫోల్డర్‌లో ఉన్న తాళం ఫైలును మళ్లీ ఇచ్చి రీబూట్ చేస్తే నీలం తెర మళ్లీ వస్తుంది. సెక్యూర్ బూట్‌ను బయోస్‌లో ఆపేయడం సులువైన దారే. కాని అదే మిషన్‌లో విండోస్ ఉండి, అక్కడ సెక్యూర్ బూట్ కోరే ఆటలుంటే అవి మొరాయిస్తాయి. అందుకే నేను తాళం దారే చూపిస్తాను.

రెండోది డీకేఎంఎస్. కెర్నల్ మారిన ప్రతిసారీ మాడ్యూల్‌ను ఇది కొత్తగా కట్టాలి, కట్టడానికి కెర్నల్ హెడర్లు కావాలి. హెడర్లు లేకపోతే అది కట్టలేదు. డీకేఎంఎస్ స్టేటస్ అని కొట్టి, యూనేమ్ హైఫన్ ఆర్ చూపించిన కెర్నల్ అంకె పక్కన ఇన్‌స్టాల్డ్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే ఉబుంటులో లినక్స్ హైఫన్ హెడర్స్ హైఫన్ జెనెరిక్ ప్యాకేజీ వేయండి. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ డ్రైవర్‌కు ఈ పని చేసేది డీకేఎంఎస్ కాదు, ఏక్‌మాడ్స్. అక్కడ కెర్నల్ హైఫన్ డెవెల్ ప్యాకేజీ వేయండి. ఈలోగా పని ఆగకూడదంటే, గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చేయండి. పాత కెర్నల్‌ను చోటు కోసం తీసేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎన్విడియా హైఫన్ ఎస్ఎంఐ కొడితే వెర్షన్ మిస్‌మ్యాచ్ అంటోందా? అప్‌డేట్ తర్వాత రీబూట్ చేయలేదు, అంతే.

రెండు చిప్‌లున్న ల్యాప్‌టాప్

మా విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో ఇదే ఎక్కువ: ప్రాసెసర్‌లో ఒక చిన్న గ్రాఫిక్స్ చిప్, పక్కన పెద్దది. మామూలుగా తెరను చిన్నదే నడుపుతుంది, బ్యాటరీ మిగలడానికి. ఆట కూడా దాని మీదనే మొదలైతే, వేలకు వేలు పోసి కొన్న పెద్ద చిప్ నిద్రపోతుంటుంది.

స్టీమ్‌లో (వాల్వ్ కంపెనీ ఆటల దుకాణం) ఆట ప్రాపర్టీస్‌లో లాంచ్ ఆప్షన్స్ పెట్టె ఉంటుంది. రెండో చిప్ ఏఎండీదైతే అక్కడ పెద్ద అక్షరాల్లో డీఆర్‌ఐ, అండర్‌స్కోర్, ప్రైమ్, సమాన గుర్తు, 1 అని రాసి, ఖాళీ వదిలి, శాతం గుర్తుల మధ్య చిన్న అక్షరాల్లో కమాండ్ అనే మాట పెట్టండి. ఎన్విడియాదైతే ముందు భాగంలో ప్రైమ్ హైఫన్ రన్ చాలు. ఉబుంటులో ప్రైమ్ హైఫన్ సెలెక్ట్ ఎన్విడియా అని కొట్టి, అన్నిటికీ పెద్ద చిప్‌నే పెట్టవచ్చు. ఛార్జర్ దగ్గరే కూర్చుని ఆడేవాళ్లకు ఇది హాయి, బయట తిరిగేవాళ్లకు బ్యాటరీ నిలవదు.

డ్రైవర్ బాగుంది, ఆట తెరుచుకోవడం లేదు

ప్లే నొక్కగానే ఒక్క క్షణం కనిపించి మాయమయ్యే ఆటలకు ముందు 32 బిట్ లైబ్రరీలు చూడండి. స్టీమ్‌కు, చాలా పాత ఆటలకు అవి తప్పనిసరి. ఉబుంటు, డెబియన్‌లలో డీపీకేజీతో ఐ386 ఆర్కిటెక్చర్ చేర్చి, మెసా వల్కన్ డ్రైవర్స్ లేదా ఎన్విడియా జీఎల్ లైబ్రరీ ఐ386 రూపాన్ని వేయాలి. ఆర్చ్‌లో మల్టీలిబ్ తెరిచి లిబ్32తో మొదలయ్యేవి వేయాలి. స్టీమ్‌ను స్నాప్ రూపంలో వేసుకుని ఉంటే తీసేసి వాల్వ్ ఇచ్చే డెబ్ ప్యాకేజీ వేసుకోండి. ఫ్లాట్‌ప్యాక్ స్టీమ్ వాడేవాళ్లకు ఇంకో మెలిక ఉంది: ఎన్విడియా డ్రైవర్ కాపీ ఫ్లాట్‌ప్యాక్ లోపల విడిగా ఉంటుంది, బయటి డ్రైవర్ అంకెతో అది సరిపోలాలి. సిస్టమ్ అప్‌డేట్ చేసిన రోజే ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ కూడా కొట్టండి.

తర్వాత ఆటలు ఏ డ్రైవ్‌లో ఉన్నాయో చూడండి. విండోస్, లినక్స్ రెండూ ఉన్న ప్రతి మిషన్‌లోనూ డీ డ్రైవ్ ఉంటుంది, అందులో ఇదివరకే దింపిన ఆటలుంటాయి. మళ్లీ డేటా ఖర్చెందుకని ఆ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌నే లినక్స్ స్టీమ్‌కు చూపిస్తారు. ఆశ అర్థమైందే, ఫలితం మాత్రం తలనొప్పి. విండోస్ ఆటలను లినక్స్‌లో నడపడానికి ప్రోటాన్ సృష్టించే ఫోల్డర్లలో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు గిట్టని పేర్లు, లింకులు ఉంటాయి. పైగా విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే, మూసినప్పుడు ఆ డ్రైవ్‌ను సగం నిద్రలో వదిలేస్తుంది, లినక్స్ దాన్ని చదవడానికే తెరుస్తుంది, రాయనివ్వదు. ఆట ఫైళ్లను ఎక్స్‌టీ4 (లినక్స్ సొంత ఫార్మాట్) డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. స్టీమ్ వాటిని సరిచూసుకుని, తేడా ఉన్నంతవరకే దింపుతుంది.

విండోస్ ఆటలను నడిపే ప్రోటాన్‌ను వాల్వ్ 2018లో తెచ్చింది. లోపల డీఎక్స్‌వీకే అనే భాగం డైరెక్ట్ ఎక్స్ 11 వరకు మాటలను వల్కన్‌లోకి మారుస్తుంది, 12 పని వీకేడీ3డీ ప్రోటాన్‌ది. డీఎక్స్‌వీకే 2.0 నుంచి వల్కన్ 1.3 తప్పనిసరి. జీటీఎక్స్ 600, 700 తరం కెప్లర్ కార్డులు 1.2 దగ్గరే ఆగిపోయాయి. ఆ కార్డులున్నవాళ్లు కంపాటిబిలిటీలో పాత ప్రోటాన్ ఎంచుకోవాలి. మిగతావాళ్లు మొదట ప్రోటాన్ ఎక్స్‌పెరిమెంటల్ ప్రయత్నించండి. అదీ కుదరకపోతే స్టీమ్ఆప్స్‌లో కాంప్యాట్‌డేటా కింద ఆ ఆట అంకెతో ఉన్న ఫోల్డర్ పేరు మార్చి మళ్లీ మొదలుపెట్టండి. తీసేయండి అనడం లేదు, పేరు మార్చమంటున్నాను. సేవ్ ఫైళ్లు చాలాసార్లు అందులోనే ఉంటాయి.

వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లినక్స్‌లో రావు. ఏపెక్స్ లెజెండ్స్ కొంతకాలం నడిచింది, 2024 చివర్లో దాన్నీ ఆపేశారు. ఇవి చీటింగ్ నిరోధక వ్యవస్థల వల్ల వచ్చిన ఆంక్షలు. వీటి కోసం డ్రైవర్లు మార్చుతూ రాత్రులు పాడుచేసుకోవద్దు.

నడుస్తోంది, కాని నత్తలా

మ్యాంగోహడ్ వేసుకోండి. లాంచ్ ఆప్షన్స్‌లో ఆ పేరు, దాని తర్వాత శాతం గుర్తుల మధ్య కమాండ్. తెర మూలన ఫ్రేములు, కార్డు వాడకం, వేడి అన్నీ కనిపిస్తాయి. కార్డు వేగం, కార్డు మెమరీ కూడా చూపించేలా సెట్టింగుల్లో పెట్టుకోండి.

కార్డు వాడకం 95 దాటి, వేగం పూర్తిగా ఉంటే మీ కార్డు సత్తా అంతే. నీడలు, రెజల్యూషన్ తగ్గించండి, లినక్స్‌ను నిందించకండి. వాడకం నిండుగా ఉండి వేగం పడిపోతుంటే అది వేడి. గుంటూరులో రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఆడితే ఏ ల్యాప్‌టాపూ పూర్తి వేగంతో నడవదు. దుమ్ము దులిపి, వెనక భాగం ఎత్తి పెట్టండి. వాడకం సగమే ఉండి ప్రాసెసర్‌లో ఒక కోర్ నిండిపోయి ఉంటే ఇరుకు ప్రాసెసర్ దగ్గర. అప్పుడు పవర్‌ప్రొఫైల్స్‌సీటీఎల్ (మొత్తం ఒకే మాట), ఖాళీ, గెట్ కొట్టి చూడండి. పవర్ సేవర్ అని ఉంటే సెట్ పర్ఫార్మెన్స్‌తో మార్చండి. గేమ్‌మోడ్ చేసేది కూడా ముఖ్యంగా ఇదే, దాని మీద పెద్ద ఆశలు వద్దు. ఫ్రేములు సరిగ్గా 60 దగ్గర కదలకుండా నిలిచాయా? అది నెమ్మది కాదు, వీసింక్ (ఫ్రేములను తెర వేగానికి కట్టేసే సెట్టింగ్). 144 హెర్ట్‌జ్ మానిటర్ 60లో నడుస్తుండవచ్చు, డిస్‌ప్లే సెట్టింగ్స్ చూడండి. ఏఎండీ కార్డుతో 4కె టీవీకి 120 హెర్ట్‌జ్ రాకపోతే కారణం వేరు: హెచ్‌డీఎంఐ 2.1ను ఓపెన్ డ్రైవర్‌లో చేర్చడానికి హెచ్‌డీఎంఐ ఫోరమ్ 2024లో ఒప్పుకోలేదు. తెరకు డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అది వాడండి.

కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా ఒక్క కుదుపు వచ్చి, రెండోసారి అక్కడికే వెళితే రాకపోతే, అది షేడర్ల (బొమ్మ గీయడానికి కార్డు నడిపే చిన్న ప్రోగ్రాముల) తయారీ. స్టీమ్ ఆట మొదట్లో ‘ప్రాసెసింగ్ వల్కన్ షేడర్స్’ అంటే స్కిప్ నొక్కకండి. కార్డు మెమరీ 4 జీబీ నిండిపోతే టెక్స్చర్లు మామూలు ర్యామ్‌లోకి పొర్లుతాయి, ఫ్రేములు ఒక్కసారిగా కుప్పకూలుతాయి. టెక్స్చర్ నాణ్యత ఒక మెట్టు దించితే చాలు.

విడి కార్డు లేని ల్యాప్‌టాప్‌ల గురించి మాత్రం కొంచెం గట్టిగా చెప్పాలి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లు చాలావరకు 8 జీబీ ఒకే ర్యామ్ పట్టీతో వస్తాయి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చిప్‌కు సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. పట్టీ ఒకటే అయితే దారి ఒకటే, చిప్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. సూడో డీఎంఐడీకోడ్, హైఫన్ టి, మెమరీ అని కొడితే రెండో గాడి ఖాళీగా ఉందో లేదో తెలుస్తుంది. ఖాళీగా ఉంటే అందులో రెండో పట్టీ వేయించండి. సెట్టింగులన్నీ తిప్పినా రాని తేడా దానితో వస్తుంది.

తెర గడ్డకట్టి మిషన్ ఆగిపోతుంటే

మళ్లీ బూట్ అయ్యాక జర్నల్‌సీటీఎల్ (ఒకే మాట), హైఫన్ కె, హైఫన్ బి, హైఫన్ 1 కొట్టండి. ఆగిపోయిన బూట్‌లో కెర్నల్ చివరగా ఏమందో కనిపిస్తుంది. ఎన్విడియాకు ఎక్స్ఐడీ అని, దాని పక్కన ఒక అంకె ఉంటుంది. 79 అయితే కార్డు బస్ నుంచి జారిపోయిందని అర్థం, పవర్ సప్లై, వేడి, కార్డు గాడిలో కూర్చున్న తీరు చూడాలి. ఏఎండీకి రింగ్ జీఎఫ్ఎక్స్ టైమ్‌అవుట్ అని ఉంటుంది. ఇది మెసా తప్పు కావచ్చు, కార్డు తప్పూ కావచ్చు. కొత్త మెసా, కొత్త కెర్నల్‌తో కూడా అలాగే ఉంటే కార్డునే అనుమానించండి.

సెకండ్‌హ్యాండ్ కార్డులకు ఇది మరీ వర్తిస్తుంది. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో క్రిప్టో నాణేలు సంపాదించడం) ఆగిపోయాక ఆ కార్డులు గుట్టలుగా సంతకు వచ్చాయి. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ల బజారు) నేను కొన్న ఆర్‌ఎక్స్ 580 కూడా ఆ బాపతుదే. మైనింగ్ చేసేవాళ్లు కార్డు బయోస్‌లో మెమరీ సమయాలు మార్చి వాడేవారు, ఆ మార్పుతో మైనింగ్ బాగానే సాగినా ఆటల్లో కార్డు తడబడవచ్చు. కొన్ని కార్డుల అంచున రెండు బయోస్‌ల మధ్య మార్చే చిన్న స్విచ్ ఉంటుంది. మిషన్ ఆపి, కరెంటు తీసి, దాన్ని రెండో వైపు జరపండి. నా కార్డు దానితోనే కుదుటపడింది.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే, సాయం అడిగేటప్పుడు ‘గేమ్ రావట్లేదు’ అని మాత్రం రాయకండి. పైన చెప్పిన మొదటి మూడు కమాండ్ల ఫలితం, జర్నల్ చివరి వరుసలు, డిస్ట్రో పేరు, ప్రోటాన్ అంకె జతచేయండి. ఆట ప్రోటాన్ మీద నడిచేదైతే లాంచ్ ఆప్షన్స్‌లో పెద్ద అక్షరాల్లో ప్రోటాన్, అండర్‌స్కోర్, లాగ్, సమాన గుర్తు, 1 అని రాసి, ఖాళీ వదిలి, శాతం గుర్తుల మధ్య కమాండ్ పెట్టి ఒకసారి నడపండి. హోమ్ ఫోల్డర్‌లో స్టీమ్ హైఫన్ ఆట అంకెతో ఒక లాగ్ ఫైలు పుడుతుంది. దాన్ని కూడా జతచేసి, పని అయ్యాక ఆ మాటను లాంచ్ ఆప్షన్స్ నుంచి తీసేయండి. లేకపోతే ఆడిన ప్రతిసారీ ఆ ఫైలు రాస్తూనే ఉంటుంది.